అక్క డిష్ కన్నా ఎత్తు

"గొట్టం దించేదా అమ్మా?" డాబా మీంచి నెట్ మెకానిక్ కేకేశాడు.

"దించడమేంటయ్యా? మా తోడికోడలి నెట్ డిష్ కన్నా ఎత్తులో పెట్టమని నేనే కదా చెప్పింది!" మెట్ల మీద చిన్నకోడలు కస్సుమంది.

"అక్కడే వచ్చింది తంటా. గొట్టం మరీ పొడుగై గాలికి ఊగుతోంది. డిష్ టవర్ వైపు నిలవడం లేదు."

కింద గదిలోంచి కూతురు అరిచింది. "అమ్మా, నెట్ మళ్ళీ పోయింది! ఇంకాసేపట్లో నా ఉద్యోగం ఇంటర్వ్యూ!"

పక్క డాబా మీద పొట్టి గొట్టానికి పెద్దకోడలి డిష్ కుదురుగా కూర్చుంది. అది చూసేసరికి చిన్నకోడలికి కడుపు రగిలిపోయింది.

"సరే, దించి చావు."

అప్పుడే పిట్టగోడ మీంచి పెద్దకోడలు తొంగిచూసింది. "ఏమయ్యా మెకానిక్కూ, అదయ్యాక ఇటు రా. నేనూ పొడుగు గొట్టం తెప్పించా. మా చెల్లి డిష్ అంతెత్తున కనబడుతుంటే నాకు ముద్ద దిగట్లేదు."

చిన్నకోడలికి నవ్వొచ్చింది. తనను చూసి కూడా ఏడ్చేవాళ్ళున్నారన్నమాట! నోరు మెదపకుంటే అక్కింట్లోనూ నెట్ పోతుంది. ఏదో చెప్పబోయిన మెకానిక్‌ని కళ్ళతోనే ఆపింది.

"అమ్మా!" కూతురి గొంతులో ఏడుపు.

"వద్దక్కా," అంది చిన్నకోడలు. "పొడుగైతే ఊగి చస్తుందట. నాది బాగయ్యేదాకా పిల్లని ఇంటర్వ్యూకి మీ గదిలో కూర్చోబెట్టుకో."