రెండో గేరు

"బావా, నీకో మేలు చేశాను. ఇవాళ కాఫీ నీదే," అన్నాడు మెకానిక్ బస్తియానో, చేతుల మసి తుడుచుకుంటూ.

కతాల్దో ఎర్ర మోటారు సైకిలు వంక చూశాడు. కొత్త చైను మెరుస్తోంది.

"చైను తిప్పే ముందువైపు పళ్లచక్రం కూడా మార్చాను. రెండు పళ్లు ఎక్కువున్నది వేశాను. ఇక ఇంజను అంతలా అరవదు. అదే వేగానికి సగం గోల. పెట్రోలు ఎంత మిగులుతుందో చూడు. ఈ ధరల్లో రోజూ అలా తగలేస్తుంటే నా కడుపు తరుక్కుపోతోంది."

కతాల్దో ఒక్క అడుగు ముందుకేశాడు.

"అరవదా?"

"అరిస్తే నన్నడుగు. పిల్లిలా..." బస్తియానో మధ్యలోనే ఆగి నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో బావా! నా బుద్ధి గడ్డి తిన్నది. ఉండు, పాతదే పెట్టేస్తా. గంటలో అయిపోతుంది."

గంట ఆగడానికి లేదు. కొండ మీది ఇంటి బాల్కనీలో అతని భార్య నున్జియా ఈపాటికే కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటుంది.

పెట్రోలు పొదుపులో కతాల్దో ఊళ్లో పెట్టింది పేరు. బండి కదిలీ కదలకముందే పై గేరు వేసేవాడు. దిగుడు వస్తే ఇంజను ఆపేసేవాడు. ఒక్కగానొక్క కొడుకు సారో అందుకు సరిగ్గా ఎదురు. కొండ ఎత్తు మొదలైన దగ్గర్నుంచి చిన్న గుడి మలుపు దాకా రెండో గేరు వదిలేవాడు కాదు. ఇంజను గగ్గోలు పెట్టాల్సిందే. "పై గేరు వెయ్యరా, అది పెట్రోలు కాదు, నా నెత్తురు!" అని తండ్రి కేకలు. మాటా మాటా పెరిగి కొడుకు రేవులో గది తీసుకున్నాడు. తండ్రి ఉన్న ఇంట్లో అడుగు పెట్టనన్నాడు.

కానీ రోజూ సాయంత్రం బాల్కనీ కిందికి వచ్చి రెండుసార్లు హారన్ కొట్టేవాడు. తల్లి తాడు కట్టిన బుట్టలో తిండి దించేది. తండ్రి చెవిన తన గొంతు పడకూడదని సారో నోరు విప్పేవాడు కాదు. తల్లి ఏమడిగినా యాక్సిలేటరుతోనే జవాబు. ఒకసారి తిప్పితే అవును, రెండుసార్లు తిప్పితే కాదు.

వసంతంలో కత్తిచేపల వేటకు వెళ్లిన సారో పడవ తిరిగి రాలేదు. అప్పుడు నున్జియా పట్నం ఆసుపత్రిలో ఉంది. చక్కెర జబ్బుకు చూపు పోయింది, గుండె అంతంతమాత్రం. ఈ కబురు చెవిన పడితే మనిషి దక్కదన్నాడు డాక్టరు. ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది. పాదిరి చర్చి గంట కొట్టకుండానే సారో ఆత్మశాంతికి ప్రార్థన జరిపించాడు. ఆమె ఇంటికొచ్చిన రోజు నుంచి కతాల్దో కాఫీ హోటలుకని బయల్దేరి, బస్తియానో దగ్గర ఉంచిన కొడుకు బండెక్కి, కొడుకులాగే రెండో గేరులో గోల చేసుకుంటూ ఆ ఎత్తు ఎక్కుతున్నాడు. గుడి వెనక కూర్చుని, ఆమె బుట్టలో దించిన తిండి తిని, ఇంటికెళ్లి ఆకలి లేదంటాడు. ఆమె ఒక్కసారీ బలవంతం చేయలేదు.

ఇవాళ అతను ఇంట్లోంచి బయల్దేరుతుంటే నున్జియా గోడ తడుముకుంటూ గుమ్మం దాకా వచ్చింది.

"బీపీ మాత్ర వేసుకున్నావా?"

"ఆఁ, వేసుకున్నాన్లే."

"హోటల్లో ఉప్పు చేపలు తినకు. నీతో చెప్పడం, గోడతో చెప్పడం ఒకటే."

బస్తియానోను ఆగమని కతాల్దో బండి స్టార్ట్ చేశాడు. ఎత్తు మొదలైంది. రెండో గేరులో బండి గొంతు లేవడం లేదు. గుర్రుమంటూ ఈడ్చుకుపోతోంది. ఒకటో గేరుకు దించి, యాక్సిలేటరు తిప్పగలిగినంతా తిప్పాడు. ఇంజను కేక పెట్టింది. ఇది సారో గోలేనా? ఎక్కువైందా? ఈ చప్పుడు వింటేనే ఒకప్పుడు పళ్లు కొరికేవాడు. ఇప్పుడు ఈ చప్పుడు తప్ప కొడుకుది ఇంకేమీ మిగల్లేదు.

"అరవరా నాయనా," అన్నాడు బండితో. కళ్లలో నీళ్లు తిరిగి దారి మసకబారింది.

బాల్కనీ కింద ఆగి హారన్ రెండుసార్లు కొట్టాడు.

"వచ్చావా తండ్రీ? బండి గొంతు మారిందేంట్రా?"

కతాల్దో తలెత్తి బాల్కనీ వంక చూశాడు.

"జలుబు చేసిందా దానికి?" ఆమె నవ్వింది. "ఎందుకురా అంత గోల? పై గేరు వేసుకునే రా. ఎలా వచ్చినా నాకు తెలుస్తుంది. ఊరికే పెట్రోలు తగలేసుకోకు. సరేనా?"

అతను యాక్సిలేటరు ఒకసారి తిప్పాడు. తాడు వదులవుతూ బుట్ట మెల్లగా కిందికి దిగింది.

గుడి వెనక ఇంజను ఆపి, మెట్టు మీద కూలబడ్డాడు. గండం గడిచింది. ఆమెకు తెలియలేదు.

రొట్టె గట్టి అంచులు ఎప్పట్లాగే కోసేసి ఉన్నాయి. సారో బాదంకాయలు పళ్లతో పగలగొట్టేవాడు, అయినా తల్లికి వాడింకా పసివాడే. వంకాయ కూర చప్పగా ఉంది. ఎంత ఉప్పు వేసినా చాలదనేవాడు వాడు. పాపం, చూపుతో పాటు చేతికి ఉప్పు అంచనా కూడా పోయింది, అనుకున్నాడు ఉన్న నాలుగు పళ్లతో నములుతూ.

తినడం అయ్యాక మూతి తుడుచుకుందామని బుట్టలో ఆమె పెట్టిన రుమాలు విప్పాడు.

ఆ మడతలో, అతను ఇవాళ వేసుకోని బీపీ మాత్ర ఉంది.