రూపం మార్చే మంత్రం

"ఇయ్యాల్టితోని కత ఒడగొడ్త," అంది ఎల్లవ్వ, స్పీకర్ పెట్టిన ఫోను ఒళ్లో పెట్టుకుని.

చాట ముందు బీడీలు చుడుతున్న కోడలు రాధిక చేయి ఆగిపోయింది. కథ అయిపోతే ముసలామె కొడుకును మాట్లాడమంటుంది. మస్కట్‌లో మాట్లాడడానికి సురేశ్ లేడు. పోయిన నెల పనికాడ పైనుంచి పడి చనిపోయాడు. శవం రావాలంటే ఇంకా కాగితాలు కావాలట. అది సొంతూరు బుగ్గారం చేరేదాకా తల్లికి చెప్పొద్దని ఇంటివాళ్లంతా అనుకున్నారు. కొడుకు గొంతుకు ఆపరేషన్ అయింది, ఊ కొట్టడం తప్ప మాట్లాడొద్దని డాక్టర్లు అన్నారని ఆమెను నమ్మించారు. రోజూ పొద్దుగూకే వేళ ఎల్లవ్వ కథ చెబుతుంటే, సురేశ్ గదిలోనే ఉండే మల్లాపూర్ దావీదు అక్కడినుంచి ఊ కొడుతున్నాడు. అత్త ముందు బొట్టు పెట్టుకుని తిరిగీ తిరిగీ రాధిక అలసిపోయింది.

"అప్పుడే ఎందుకత్తా? రాజుకొడుకును ఇంకో రూపం మార్చుకోనియ్యి."

"మార్చుకున్నప్పుడల్ల తనది ఒకటి పోతదని చెప్పిన గదనే. డేగయిండు, నీడ పోయింది. పులయిండు, నవ్వు పోయింది. ఇంకేం పోవాలె?"

ఫోనులో ఊ వినిపించింది.

రాధిక బతిమాలింది. కోట చేరనే లేదు, రాక్షసుడు చావనే లేదు, నడుమ ఆపితే ఎట్లా అంది. ఎల్లవ్వ వినలేదు. మొదట్లో రాజుకొడుకుకు బుద్ధి లేదు. మంత్రం దొరికింది కదా అని ఆటకు వాడాడు, ఆశకు వాడాడు. దెబ్బలు తిని తిని ఇప్పుడు మనిషయ్యాడు. పరాయి రూపం ఇక తొడగనని ఒట్టు పెట్టుకున్నాడు. ఉన్న ఒంటితోనే రాక్షసుడి ముందుకు పోతాడు, అంది.

"సస్తడు గదా అత్తా."

"సస్తె సస్తడు. తన తీరుగనే సస్తడు."

ఈసారి ఊ రాలేదు. నెట్టు మంచిగ లేదేమో, మిగిలింది రేపు చెప్పుకుందామని రాధిక ఫోను కోసం చేయి చాచింది.

ఎల్లవ్వ ఇవ్వలేదు. ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుని, మంచినీళ్లు అడిగినంత మెల్లగా అంది:

"దావీదూ, ఇగ నీ గొంతుతోని మాట్లాడు కొడుకా. నా సురేశ్ ఎట్ల పోయిండు?"