మంచి రిపోర్టు

గచ్చిబౌలి ఆసుపత్రిలో డాక్టరు రిపోర్టు చూసి నవ్వాడు.

"ఆపరేషనై రెండేళ్లయింది. మీ రక్తంలో క్యాన్సర్‌ను సూచించే ప్రొటీన్లు పెరగలేదు. పేగులో గడ్డ మళ్లీ వచ్చే సూచనల్లేవు."

శశిధర్ కళ్లు తుడుచుకున్నాడు. ఇన్నాళ్లూ ఉద్యోగం మానేసి, గంజి తాగించి, పుండు కడిగి, అతన్ని బతికించింది భార్య ప్రణీతే.

బయటికొచ్చాక ఆమె చేయి పట్టుకున్నాడు.

"ఇగ ఫికర్ లేదు. మనం మంచిగ బతుకుదం."

ఆమె మెల్లగా చేయి విడిపించుకుంది.

"నువ్వు బతుకు. నీ దెబ్బలు పడలేక, నీకు గడ్డ బయటపడ్డ రోజు పొద్దుగాల్నే బ్యాగు సర్దుకున్న. జబ్బు మనిషిని ఇడిసిపోబుద్ధి కాలే. నీకు నయమయ్యేదాక ఆగిన. ఇగ పోత."

ప్రణీత ఆటోను పిలిచింది. ఆమెను ఆపడానికి శశిధర్ దగ్గర ఇప్పుడు జబ్బు కూడా లేదు.