రెండో సగంలో మొదటి నిమిషం

“మీ లెక్కల్లోనే కదమ్మా ఇతను మొదటివాడు! ఇప్పుడు మీరే వద్దంటే ఎలా?”

కోచ్ తల పట్టుకు కూర్చున్నాడు. కొత్త ఆటగాళ్ళని తీసుకోవడానికి ఆ సాయంత్రమే గడువు. వరసగా ఓడుతున్న ఫుట్‌బాల్ జట్టుకి, గోల్ ముందు నిలబడి వచ్చిన బంతినల్లా తిప్పికొట్టే సెంటర్ బ్యాక్ ఒకడు అర్జెంటుగా కావాలి.

వాణ్ణి వెతికిపెట్టాల్సింది లెక్కలావిడ. క్లబ్బులో అందరూ అలాగే అంటారు. ఎవరు ఎన్నిసార్లు బంతి లాక్కున్నారు, ఎన్నిసార్లు తలతో కొట్టారు, ఎక్కడ తడబడ్డారు, అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి ఆటగాడి జాతకం చెప్పడం ఆవిడ పని. గ్యాలరీ మెట్ల కింద ఓ గది ఇచ్చారు. పైన ఎవరు నడిచినా నెత్తిమీద నడిచినట్టే ఉంటుంది.

కోచ్‌కి లెక్కలంటే చిన్నప్పట్నుంచీ పడదు. ఇన్నాళ్ళకి ఒక లెక్క నచ్చిందనుకుంటే, వేసినావిడే కొట్టేయమంటోంది.

“గాల్లోకి లేచిన పది బంతుల్లో ఎనిమిది ఈ పొడుగాయనవే. మీరు చెప్పిందే కదా?”

“చెప్పాను.” ఆవిడ కళ్ళు నులుముకుంది. వారాల తరబడి అతని ఆటే చూస్తోంది. కళ్ళు మండుతున్నాయి, నడుం పట్టేసింది.

“వయసైపోయిందంటారా?”

“వయసు కాదు సార్. ఇది చూడండి.”

తెరమీద రెండో సగం మొదలవుతోంది. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మార్చుకుంటాయి. అందరూ మార్చుకున్నారు. పొడుగాయన మాత్రం తాపీగా పాత గోల్ దగ్గరికే వెళ్ళి నిలబడ్డాడు. జట్టులోవాడొకడు నవ్వుతూ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. ఇంకో మ్యాచ్ పెట్టింది. అదే తంతు. మరొకటి పెట్టింది. ఈసారి లాక్కొచ్చినవాడు నవ్వలేదు.

కోచ్ మాత్రం నవ్వేశాడు. “పరధ్యానం! మా ఆవిడ కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా గాలిస్తుంది.”

“మొదట్లో నేనూ నవ్వాను సార్. పదహారేళ్ళుగా తలతో కొడుతున్నాడు. మ్యాచ్‌లవీ ప్రాక్టీసువీ కలిపి ఎన్ని దెబ్బలో లెక్కేశాను. ఆ అంకె మీకు చెప్పను, భోజనం సహించదు.”

“అయితే డాక్టరుకి చూపిద్దాం.”

“తలకి స్కానింగ్ తీయించుకోమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా వినడు.”

“మీకెలా తెలుసు?”

“ఆటగాళ్ళు ఎవరు వింటారు సార్!”

ఇంతలో కోచ్ ఫోన్ మోగింది. పొడుగాయనే. కోచ్ స్పీకర్ నొక్కి బల్లమీద పెట్టాడు.

“నమస్కారం సార్! ఏమైనా తేల్చారా?” గొంతు కులాసాగా ఉంది.

“అదే చూస్తున్నాం. మా లెక్కల మేడం పక్కనే ఉన్నారు.”

అవతల గొంతు సవరించుకున్న చప్పుడు.

“ఇంకేం మరి! మేడం ఎంతంటే అంత. నా నమస్కారాలు చెప్పండి.”

మాట్లాడమని కోచ్ సైగ చేశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి గోడవైపు తిరిగింది.

“ప్రాక్టీసు పొద్దున్నా సార్, సాయంత్రమా?”

“పొద్దున్నే.”

“మంచిది. మోకాళ్ళు గట్టిగానే ఉన్నాయి సార్, కుర్రాళ్ళతో సమానంగా పరిగెడతాను. ఒక్క ఏడాది ఇవ్వండి చాలు. గట్టుమీద కూర్చుని చూడ్డం నా వల్ల కాదు, పిచ్చెక్కిపోతుంది. ఇంతకీ ప్రాక్టీసు పొద్దున్నా సార్, సాయంత్రమా?”

కోచ్ మొహంలో నవ్వు పోయింది. “పొద్దున్నే,” అన్నాడు మెల్లగా. మళ్ళీ చేస్తానని పెట్టేశాడు.

అయినా కోచ్‌కి ఆశ చావలేదు. పీకలమీదికొచ్చినవాడికి అంత తొందరగా చావదు.

“మనం కాదంటే ఇంకెవరో తీసుకుంటారు. ఆ నాలుగు రాళ్ళేవో మన దగ్గరే సంపాదించుకోనివ్వండి.”

“ఎవరూ తీసుకోరు. అతను అడిగిన మిగతా రెండు క్లబ్బులకీ ఈ వీడియోలు నేనే పంపాను.”

కోచ్ నోరెళ్ళబెట్టాడు. తర్వాత కోపం వచ్చింది.

“మనకి వద్దంటే వద్దు. ఊరంతా చాటి ఒక మనిషి పొట్ట కొట్టడానికి చేతులెలా వచ్చాయమ్మా? మీకేం అపకారం చేశాడు?”

“ఏమీ చెయ్యలేదు.”

ఆవిడకి ఏడుపొచ్చింది. దిగమింగుకుంది.

కోచ్ అక్కడే నిలబడి పొడుగాయనకి ఫోన్ చేశాడు. కారణం చెప్పడానికి నోరు రాలేదు. ఈసారికి కుర్రాణ్ణి ఎవరినైనా చూసుకుంటున్నామని నసిగాడు. అవతలివాడు బతిమాలలేదు, సరే సార్ అన్నాడు. అది కోచ్‌కి ఇంకా కష్టంగా అనిపించింది. లెక్కలావిడ మొహం చూడకుండానే తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు.

ఆవిడ కంప్యూటర్ ఆపేసింది. లేచి ఇంటికి వెళ్ళే ఓపిక కూడా లేదు. పై మెట్లమీద ఎవరో దిగుతున్నారు. వాళ్ళు దిగి వెళ్ళిపోయేదాకా అలాగే కూర్చుంది.

ఆవిడ ఫోన్ మోగింది. చాలాసేపు మోగనిచ్చి ఎత్తింది.

“వీళ్ళూ వద్దన్నారోయ్,” అన్నాడు పొడుగాయన, “నువ్వు నా భార్యవని మాత్రం అక్కడ ఎవరికీ చెప్పలేదులే, నా వల్ల నీకు మాట రాకూడదుగా.”