పిస్తోలు పెదవి

పిస్తోలు మళ్ళీ ఇరుక్కుంది. మొదటి తూటా పేలింది. రెండోది లోపలికి ఎక్కబోతూ, ముక్కు పైకెత్తి సగంలోనే నిలబడిపోయింది. గన్నవరం విమానాల స్థావరంలో, మిట్టమధ్యాహ్నపు ఎండలో, కెప్టెన్ దొర మొహం మిరపపండైంది.

"నెల రోజుల నుంచీ ఇదే వరస," అన్నాడు దొర తనకొచ్చిన ఉర్దూలో. "ఆయుధాలు తుడిచేవాడివి నువ్వే. కావాలనే పాడుచేశావు. సాయంత్రం పోలీసులకి అప్పజెబుతాను."

ఊరూరా రైలు పట్టాలు పీకి, తంతి తీగలు తెంపుతున్న నలభై రెండో సంవత్సరం అది. అంత మాట మీద పడితే బయటపడడం కల్ల. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అన్నారు. ఆ వేళకు దొరికినవాడు శౌరయ్య. అతనికి ఉర్దూ రాదు గానీ, పోలీసు అన్న మాట ఏ భాషలోనైనా ఒకటే.

పక్కనే స్టోరు తాళం విప్పుకుని కూర్చున్న నాగూర్ తలెత్తాడు. బెజవాడలో కుట్టు మిషన్లు, తాళాలు బాగుచేసే మనిషి. తాళం మొరాయించిందని పొద్దున్నే పిలిపించారు.

"మరియమ్మ తల్లి సాక్షి, సాయిబుగారూ," అన్నాడు శౌరయ్య. "గొట్టం కడిగానండి. తూటాలు మార్చానండి. స్ప్రింగు కూడా కొత్తది ఏశాను. అయినా ఇదే తంతు. నే జైలుకెళితే మా ఇంటిది అమలమ్మా పిల్లలూ ఏమైపోతారండి?"

నాగూర్ చేతులు తుడుచుకుని దొర ముందుకెళ్ళాడు.

"ఒక్క గంట నా చేతికివ్వండి, హుజూర్. ఇది నడిస్తే శౌరయ్యని వదిలెయ్యండి."

"నడిస్తే చాలదు. పాడుచేసిందెవడో తేలాలి," అన్నాడు దొర. "ఎవడైనా సరే, వాడికి ఆర్నెల్లు జైలు. పదిమంది ముందు చెబుతున్నాను."

"మంచిదండి."

నాగూర్ పిస్తోలు జోలికి పోలేదు. దాని పిడిలోంచి, తూటాలు పేర్చే రేకు డబ్బాని మాత్రం లాగి ఖాళీ చేసి, మెట్టు మీద కూర్చున్నాడు.

"మిషను దారం తెంపితే అందరూ సూదిని తిడతారు, శౌరయ్యా. దారం అందించే చోటు ఎవరూ చూడరు."

సంచీలోంచి కొండపల్లి బొమ్మలు చేసే పొణికి కర్ర ముక్క తీసి, తూటా ఆకారంలో చెక్కాడు. దాన్ని డబ్బాలో దూర్చి బొటనవేలితో ముందుకు నెట్టాడు. ఎడమ పక్కకి ఒరిగి, ముక్కు పైకెత్తి వచ్చింది. మళ్ళీ నెట్టాడు. మళ్ళీ అంతే.

డబ్బా పైన తూటాని చెరో పక్కా అదిమిపెట్టే రేకు పెదవులు రెండున్నాయి. ఎడమ పెదవి వెంట్రుకవాసి పైకి లేచి ఉంది. దాని కింద గోటితో గీస్తే ఆవగింజంత బెండు పొట్టు రాలింది. వేలికి జిగురుగా తగిలింది. నాగూర్ వాసన చూసి, ఏమీ అనకుండా మీసంలో నవ్వుకున్నాడు.

చిన్న పటకారుతో పెదవిని దించాడు. కర్ర తూటాతో నాలుగుసార్లు చూసుకున్నాడు. నాలుగుసార్లూ తిన్నగా వచ్చింది. అసలు తూటాలు ఏడూ నింపి, డబ్బాని పిస్తోలులో దూర్చి దొరకిచ్చాడు.

"కాల్చండి, హుజూర్."

ఒకటి. రెండు. మూడు. శౌరయ్య కళ్ళు మూసుకుని లెక్కపెట్టాడు. ఏడు తూటాలూ ఆగకుండా పేలాయి. చేలగట్టున కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. శౌరయ్య శిలువ గుర్తు వేసుకుని, నాగూర్‌ని గట్టిగా కావలించుకున్నాడు.

దొర కూడా సంతోషం పట్టలేకపోయాడు. "షాబాష్! ఏమిటి దీని రోగం?"

"రేకు పెదవి వంగిందండి. ఊరికే వంగేది కాదు. ఎవరో దీన్ని దేనికిందో పెట్టి ఎత్తారు. ఒకసారి కాదు, చాలాసార్లు."

"ఎవడు వాడు?"

"చెబుతానండి. ముందు గొంతు తడుపుకోనివ్వండి."

మాట అర్థం కాకపోయినా, నాగూర్ గొంతు మీద చెయ్యి పెట్టుకోవడం చూసి శౌరయ్య కదిలాడు. "గేటు దగ్గర గోలీ సోడా బండి ఉంది, ఇప్పుడే తెస్తానండి."

"గోలీ సోడా వద్దులే, శౌరయ్యా," అని ఆపి, నాగూర్ దొర వైపు తిరిగాడు. "తమరు తాగే రేకు మూత తీపి సోడా ఒకటి ఇప్పించండి, హుజూర్. ఇన్నేళ్ళొచ్చినా దాని రుచి ఎరగను."

దొర పకపకా నవ్వి బంట్రోతుని పంపాడు. చల్లటి సీసా వచ్చింది. దొరే స్వయంగా అందుకున్నాడు. మాటల్లోనే, అలవాటైన చేత్తో పిస్తోలు లోంచి రేకు డబ్బా లాగాడు. దాని ఎడమ పెదవిని సీసా మూత కింద పెట్టి ఒక్కసారి పైకెత్తాడు.

టప్‌మని మూత ఎగిరి నాగూర్ కాళ్ళ దగ్గర వెల్లకిలా పడింది. లోపల అతికించిన బెండు బిళ్ళ అంచు చిట్లి ఉంది.

దొర తన చేతిలోని డబ్బా వంక చూశాడు. మొహం మళ్ళీ మిరపపండైంది, ఈసారి కోపంతో కాదు.

"శౌరయ్య వెళ్ళొచ్చు," అన్నాడు చివరికి, నేల చూపులు చూస్తూ.

నాగూర్ సీసా అందుకుని, తీరిగ్గా ఒక గుక్క తాగి, మూతి తుడుచుకున్నాడు.

"మేం సోడా బొటనవేలితో కొట్టుకుంటాం, హుజూర్. మరి ఆ ఆర్నెల్లూ ఎప్పట్నించండీ?"