కొలత దారం

కొలంబో బజారులో పాప్పమ్మాళ్‌కు ఏదీ ఒక పట్టాన నచ్చలేదు. అంగడివాడికి విసుగొచ్చింది కానీ ఆమెకు రాలేదు. ఏళ్ల తరబడి దొరల కాఫీ తోటలో జలగలకు నెత్తురిచ్చి కూడబెట్టిన డబ్బది. దాంతో కొనే సామానే రేపు అత్తగారింటి గుమ్మంలో తన తరఫున మాట్లాడాలి.

మొగుడు పెరుమాళ్‌సామిది మధుర పక్క నల్లరేగడి ఊరు. ఆమెది కోయంబత్తూరు పక్క. తోటలో చలిజ్వరం అమ్మానాన్నలను మింగేశాక, తెలుగు మాట్లాడే మనిషి కదా అని అతన్ని నమ్మింది. కూలీల ఎదుట పసుపుతాడు కట్టాడు. మెట్టెలు మాత్రం ఊళ్లో పెద్దల ముందే తొడుగుతానన్నాడు. అప్పటినుంచీ ఆమె కాలివేళ్లు బోసిగానే ఉన్నాయి. తోటలో ఆడవాళ్లు ఆ వేళ్ల వంక చూసి చూడనట్టు నవ్వుకునేవాళ్లు.

అత్తకు లవంగాలు, దాల్చినచెక్క కొంది. మామకు నల్లచేవ కర్రతో చేసిన ముక్కుపొడుం డబ్బా, అదీ మూత బిగువు చూసి మరీ. ఇక మిగిలింది ఆడబిడ్డ పాంచాలి. అందరికన్నా ఆమె అంటేనే భయం. వెతికి వెతికి తాబేటిచిప్ప దువ్వెన ఏరింది. గాజులకు కొలత అడిగితే పెరుమాళ్‌సామి బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించాడు. చిన్న చెయ్యి. పాప్పమ్మాళ్ ముంజేతికి ఆ గాజులు ఎక్కనే ఎక్కవు. చెల్లెలి చేతి కొలత ఇన్నేళ్లు గుర్తుపెట్టుకున్న అన్నను చూసి ఆమెకు ముచ్చటేసింది.

అంగడివాడు ఆశకొద్దీ వెండి మెట్టెలు కూడా ముందుకు తోశాడు. పాప్పమ్మాళ్ వాటిని వెనక్కి నెట్టింది.

"తంగచ్చికి అన్న మెట్టెలు కొనేది మనోళ్లలో లేదు. కట్టుకున్నోడే కొనాల," అంది.

పెరుమాళ్‌సామి ఆ మెట్టెల వంకే చూశాడు. ఆమె తన కాలివేళ్లను చీర కిందికి లాక్కుంది.

అంగడి దిగి కొంత దూరం పోయి చూస్తే అతను వెనక లేడు. ఇంకా అక్కడే నిలబడి, మొలలోంచి ఒక దారం తీసి అంగడివాడికి ఇస్తున్నాడు. ముడులు వేసిన పాత దారం, మాసి నల్లబడింది. వాడు దాన్ని మెట్టెలకు చుట్టి సరిచూస్తున్నాడు.

ఆమె గబుక్కున మొహం తిప్పుకుంది. చూసినట్టు తెలిస్తే అతని సరదా పాడవుతుంది. తను నిద్రలో ఉండగా ఎప్పుడు కొలిచాడో, ఎన్నాళ్లుగా మొలలో దాచుకున్నాడో. రైలు ఇంకా మధుర మొహం చూడని రోజులవి. అయినా పడవ దిగిన చోటినుంచి మధుర దాకా నడక ఆమెకు నడకలా అనిపించలేదు.

వైగై ఒడ్డున సత్రంలో దిగారు.

"నువ్వు ఈడనే ఉండు. నేను ముందు పోయి అమ్మకు నచ్చచెప్పి బండి పంపిస్తా," అన్నాడు పెరుమాళ్‌సామి.

తనను ఒంటరిగా వదిలి పోతున్నాడు. కానీ ఉత్త చేతులతో పోవడం లేదు కదా, మూటల నిండా తన మనసే ఉంది.

"గాజులు ఏరింది వదినె అని పాంచాలికి చెప్పు మామా," అంది.

అతను తలెత్తకుండా బండి మాట్లాడటానికి పోయాడు.

ఒక్కొక్కరికి ఒక్కో గుడ్డలో మూటలన్నీ ఆమే కట్టింది. పాంచాలి మూటకు మాత్రం ముడి మారి ఉంది. దువ్వెన పళ్లు విరిగాయేమోనని విప్పి చూసింది.

తను ఏరిన ఆ చిన్న గాజులతో కలిపి, మాసి నల్లబడిన ఆ దారంతోనే, సన్నటి వేళ్లకు సరిపడే వెండి మెట్టెల జత కట్టి ఉంది.