పైవాటా టోన్

“ఈ నాబ్ మళ్ళీ ఎవరు తిప్పారు?”

కళ్ళజోళ్ళాయన కేక వంటింటిదాకా వెళ్ళింది. బజార్లో అతనికి కళ్ళజోళ్ళ షాపుంది కనుక అందరికీ అతను కళ్ళజోళ్ళాయనే. కానీ అతని ప్రాణమంతా ముందుగదిలో ఉన్న, గిటార్ తగిలించి వాయించే పాత వాల్వ్ ఆంప్లిఫయర్‌లో ఉంది. గిటార్ నేర్చుకుంటానని మారాం చేస్తే తండ్రి కొనిచ్చిన పెట్టె అది. అప్పటికే పాతది.

“దుమ్ము దులిపాను బాబూ,” అంటూ వచ్చారు అత్తగారు, చెవుల్లో దూది సర్దుకుంటూ. “గుడ్డ తగిలి తిరిగుంటుంది.”

“దులపండి అత్తయ్యగారూ, వద్దనను. నాబ్‌ల జోలికి మాత్రం వెళ్ళకండి. వెంట్రుకవాసి కదిలినా టోన్ మారిపోతుంది.”

“అలాగే బాబూ.”

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, మరుగుతున్న టీ గిన్నెని గుడ్డైనా లేకుండా ఎడంచేతి వేళ్ళతో పట్టుకుని దించేశారు. చూసిన కళ్ళజోళ్ళాయనకి చెయ్యి చురుక్కుమంది. ఏళ్ళ తరబడి బట్టలు కుట్టి కాయలు కట్టిన వేళ్ళు కదా, వేడీ గీడీ తెలియదేమో అనుకున్నాడు.

పడుచుతనంలో విన్న రాక్ రికార్డుల్లో గిటార్ మెత్తగా మొదలై, చివరికొచ్చేసరికి గొంతు జీరపోయినట్టు పలికేది. ఆ టోన్ కావాలి అతనికి. దానికోసం స్పీకర్ మార్పించాడు. లోపల ఇంకో వాల్వ్ పెట్టించాడు. సాయంత్రం షాపు కట్టేసి రాగానే భార్యని కుర్చీలో కూర్చోబెట్టి, గిటార్ మీటుతూ, కళ్ళు పరీక్ష చేసినట్టే చెవులు పరీక్ష చేస్తాడు.

“ఇది బాగుందా? ఆగు... ఇప్పుడు?”

“రెండూ ఒకలాగే ఉన్నాయండీ.”

“అసలు నీకు చెవులున్నాయా?”

“ఉన్నాయి కాబట్టే కదా ఈ బాధ!”

అత్తగారు పోయిన ఏడాది ఉంటానికి వచ్చిన మొదటివారంలోనే దూది తెప్పించుకున్నారు. పాపం, ఒక్కమాట అనలేదు.

ఉన్నదానితో సరిపెట్టుకునేవాడే. కానీ పైవాటాలో జులపాల కుర్రాడొకడు అద్దెకి దిగాడు. భుజాన పొడుగాటి నల్లసంచి. అతను దిగాక ఓ మధ్యాహ్నం భోజనానికి వస్తూ, వీధి మలుపులోనే కళ్ళజోళ్ళాయన నిలబడిపోయాడు. మేడలోంచి గిటార్! అదే జీర, అదే టోన్. పరుగున వచ్చి గేటు తోశాడు. గేటు కిర్రుమంది. గిటార్ ఆగిపోయింది.

తర్వాత కూడా అంతే. గేటు కిర్రుమనడమే ఆలస్యం, పైవాడు ఆపేస్తాడు. ఎంత బిడియస్తుడో!

“అత్తయ్యగారూ, పైన గిటార్ విన్నారా?”

“ఈ దూదితో నాకేం వినబడుతుంది బాబూ?”

కళ్ళజోళ్ళాయనకి అన్నం సహించడం మానేసింది. ఇన్నేళ్ళుగా తనకి చిక్కని టోన్ నిన్నగాక మొన్న దిగినవాడికి ఎలా చిక్కిందని కుళ్ళుకున్నాడు. చివరికి ఆంప్ డాక్టరుకి ఫోన్ చేశాడు. పాత ఆంప్‌లు బాగుచేస్తాడని అతనికి ఆ పేరు.

“ఇక మార్చడానికి మిగిలింది ట్రాన్స్‌ఫార్మరేనండీ,” అన్నాడు డాక్టరు. “కొత్తది వేస్తే పెట్టె కోసి బిగించాలి. మళ్ళీ పాతది కావాలంటే నా వల్లకాదు.”

“మా నాన్న కొనిచ్చింది అలాగే ఉంటే బాగుండేది...”

“స్విచ్ ఆపేసి ఉన్నా మధ్యాహ్నం వెచ్చగా ఉంటోందన్నారుగా? దాని పని అయిపోవచ్చినట్టే. రేపు మధ్యాహ్నం వచ్చి పట్టుకెళ్తాను.”

మర్నాడు పొద్దున్నుంచీ కళ్ళజోళ్ళాయన మనసు షాపులో నిలవలేదు. తండ్రి చేత్తో ఇచ్చినదాన్ని తన చేత్తో కోయించడమా? మధ్యాహ్నం కాకుండానే షాపు కట్టేశాడు. అభిమానం చంపుకుని, ఆ కుర్రాడి ఆంప్ ఏమిటో ఒక్కసారి అడుగుదామని బయల్దేరాడు. రంగు వేయడానికి గేటు రెక్కలు ఊడదీసి గోడకి ఆనించి ఉన్నాయి. తిన్నగా లోపలికి నడిచి, మెట్లెక్కి పైవాటా తలుపు కొట్టాడు.

కుర్రాడు కళ్ళు నులుముకుంటూ తీశాడు. “రండి సార్. నైట్ డ్యూటీ, ఇప్పుడే నడుం వాల్చాను.”

“ఏమీ అనుకోకు బాబూ. నీ ఆంప్ ఒక్కసారి చూపిస్తావా?”

“ఆంప్ ఏంటి సార్?”

“ఆ పొడుగు సంచిలో ఉండేది గిటారేగా?”

కుర్రాడు నవ్వి, మూలనున్న సంచి విప్పాడు. చేపలు పట్టే గాలపు కర్రలు.

“మరి మధ్యాహ్నం వాయించేది ఎవరు?”

“అదేంటి సార్! అది వచ్చేది మీ వాటాలోంచేగా. మీరే అనుకున్నాను. అది వింటే హాయిగా నిద్రపడుతుంది నాకు.” కుర్రాడు కాస్త నసిగాడు. “సాయంత్రాలు మాత్రం ఎవరో కొత్తగా నేర్చుకుంటున్నట్టున్నారు. మీ పిల్లలా?”

కళ్ళజోళ్ళాయనకి పిల్లలు లేరు. ఏదో అనబోయేంతలో అరికాళ్ళ కింద నేల సన్నగా అదిరింది.

అదే టోన్. కింద, తన ముందుగదిలో, తన తండ్రి కొనిచ్చిన పెట్టెలోంచే వస్తోంది. ఆ పెట్టెకి ఏ జబ్బూ లేదు. ఎప్పుడూ లేదు. కళ్ళజోళ్ళాయనకి సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. మెట్ల మీదే ఆగి డాక్టరుకి ఫోన్ చేసి, రావద్దని చెప్పాడు. భార్య ఆఫీసులో ఉంది. ఇంట్లో దూరింది దొంగైనా సరే, వాడి కాళ్ళకి దణ్ణం పెట్టేయాలనుకుంటూ చప్పుడు కాకుండా దిగి తలుపు తోశాడు.

“దుమ్ము దులుపుతున్నా బాబూ,” అన్నారు అత్తగారు, గిటార్ ఒళ్ళోంచి దించకుండానే.